టైమ్‌టేబుల్ ఉండగా చదువెందుకు?

యూనివర్సిటీలో చదువును పాడుచేసేది సినిమా కాదు, ఫోను కాదు, స్నేహితులు అంతకంటే కాదు. పుస్తకం!

కోప్పడకండి, ఆలోచించండి. పుస్తకం తెరిస్తే ఏమవుతుంది? అందులో ఉన్నది అర్థం కాకపోయే ప్రమాదం ఉంది. అర్థం కాకపోతే దిగులు. దిగులుతో తిండి సయించదు, తిండి లేక నీరసం, నీరసంతో నిద్ర. అదే పుస్తకాన్ని మూసి పక్కన పెట్టి, దాన్ని ఏ వారం, ఏ గంటకు, ఏ రంగు పెన్ను పట్టుకుని చదవాలో ఒక కాగితం మీద గళ్లు గీసి రాసుకున్నారనుకోండి. అబ్బ, ఎంత హాయి! అచ్చం చదివేసినంత హాయి! చదవకుండానే ఆ హాయి దొరుకుతున్నప్పుడు, ఇంకా చదవండి చదవండి అని పిల్లల వెంటపడటం పెద్దవాళ్లకు న్యాయమా?

"ఇదంతా చెప్పడానికి నువ్వెవరు?" అని మీకు అనిపించవచ్చు. నేను ప్రొఫెసర్ను కాను. ఆడపిల్లల హాస్టల్లో రెండో అంతస్తు గదులు ఊడ్చి తుడిచే మనిషిని. పదకొండేళ్ల అనుభవం. ప్రొఫెసర్లు విద్యార్థిని బల్ల అవతలి నుంచి చూస్తారు. నేను మంచం కింది నుంచి చూస్తాను. ఎవరికి ఎక్కువ కనిపిస్తుందో మీరే చెప్పండి!

పైగా నా దగ్గర ఆధారాలున్నాయి. చెత్తబుట్టలు. నేను పనిలో చేరిన కొత్తలో వాటి నిండా నలిపి పారేసిన చిత్తు కాగితాలు ఉండేవి. కొట్టివేతలు, మళ్లీ రాతలు, మళ్లీ కొట్టివేతలు, మధ్యలో ఎక్కడో కన్నీటి చుక్క పడి అలుక్కుపోయిన సిరా. చూస్తేనే జాలేసేది. ఇప్పుడో? రంగురంగుల టైమ్‌టేబుళ్లు! సెమిస్టరు టైమ్‌టేబుల్, సవరించిన టైమ్‌టేబుల్, ఆఖరుగా సవరించిన టైమ్‌టేబుల్, దాని తర్వాత "ఈసారి నిజంగా" అని పైన రాసి కింద రెండు గీతలు గీసిన టైమ్‌టేబుల్. ఒక్క కొట్టివేత లేదు. ఒక్క కన్నీటి చుక్క లేదు. విద్యారంగం ఎంత ముందుకు పోయిందో చూడండి!

ఈ పై రాతలన్నీ నేనే చదివాను. ఆ మాట కూడా చెప్పేస్తాను. మా ఆయన ఉన్నన్నాళ్లూ చదివే పని ఆయన చూసుకునేవారు, మిగతా పనులన్నీ నేను చూసుకునేదాన్ని. ఆయన పోయాక మిగతా పనులు ఎలాగూ నావే, చదివే పని కూడా నా నెత్తిమీదే పడింది. అలా యాభై నాలుగో ఏట అక్షరాలు దిద్దాను.

దిద్దించింది పద్నాలుగో గది అమ్మాయి. తన దగ్గర ఇరవై నాలుగు రంగుల పెన్నులున్నాయి కాబట్టి హాస్టలంతా ఆమెను రంగుల పిల్ల అంటారు. మొదటి సంవత్సరంలో ఆ పిల్లకు ఏ పద్ధతీ ఉండేది కాదు. నేను వరండా తడిగుడ్డతో తుడిచి మెట్ల మీద కూర్చునే సరికి పలక పట్టుకుని వచ్చేది. తడి ఆరేదాకా పాఠం. చలికాలంలో కాస్త ఎక్కువ, ఎండాకాలంలో కాస్త తక్కువ. టైమూ లేదు, టేబులూ లేదు. అలాంటి అస్తవ్యస్తపు చదువుతో నేను అచ్చులు, హల్లులు, గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చానంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

అదృష్టం బాగుండి రెండో సంవత్సరం మొదట్లోనే యూనివర్సిటీ వాళ్లు హాల్లో శిబిరం పెట్టారు. పేరు "విద్యార్థి జీవన నిర్వహణ". వెనక వరస కుర్చీలు సర్దుతూ నేనూ విన్నాను. చెంపకు మైకు తగిలించుకున్న ఒకాయన స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తూ, రోజుకు తొంభై ఆరు పావుగంటలున్నాయనీ, పేరు లేని పావుగంట దొంగల పాలవుతుందనీ, ప్రతిదానికీ ఒక పేరూ ఒక రంగూ పెట్టమనీ చెప్పాడు. మా ఇంట్లో పుట్టిన బిడ్డకు ఒక్క పేరు పెట్టడానికి రెండు వైపుల వాళ్లూ నెల రోజులు కొట్టుకున్నారు. ఈ పిల్లలు ఒక్క పూటలో తొంభై ఆరు పేర్లు పెట్టేశారు! తెలివితేటలంటే ఇవీ!

వెళ్లేటప్పుడు అందరికీ తలా ఒక లావుపాటి ప్లానర్ పుస్తకం ఇచ్చారు. ఆ తర్వాత మా రెండో అంతస్తు అదృష్టం నేనేమని చెప్పను!

గదిగదికీ ఫోన్లు మోగడం మొదలైంది. ఒక ఫోను నీళ్లు తాగమంటుంది. ఒకటి నడుం నిటారుగా పెట్టమంటుంది. ఒకటి గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటుంది. ఇన్నేళ్లూ ఫోను చెప్పకుండానే ఊపిరి పీల్చుకుంటున్న నా నిర్లక్ష్యం తలచుకుంటే భయమేసింది. ఇంకో అమ్మాయి ఫోన్లో ఒక చెట్టుంది. ఆమె చదువుతున్నంతసేపూ అది పెరుగుతుందట, ఫోను ముట్టుకుంటే ఎండిపోతుందట. అది ఎంత పెరిగిందో చూడటానికి ఆ పిల్ల ఐదు నిమిషాలకోసారి ఫోను ముట్టుకుంటుంది. కిటికీలో కుండీలో నిజం మొక్క ఒకటి ఉంది, దానికి మాత్రం నేనే నీళ్లు పోస్తున్నాను. దానికి ఫోన్లో గంట లేదు మరి!

కలిసి చదువుకుందామని నలుగురు ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎప్పుడు కలవాలో ఓటింగు జరిగింది. ఎక్కడ కలవాలో ఇంకో ఓటింగు. గ్రూపుకు పేరు ఏం పెట్టాలని మూడో ఓటింగులో చెరి రెండు ఓట్లు వచ్చి, చెరో జట్టుగా విడిపోయారు. ఇప్పుడు రెండు గ్రూపులున్నాయి. చదువు రెండింతలైనట్టే కదా!

రంగుల పిల్ల అందరినీ మించిపోయింది. మంచానికి ఎదురుగా గోడ నిండుగా ఒక తెల్ల బోర్డు బిగించింది. సోమవారం నుంచి ఆదివారం దాకా గళ్లు. గడికో రంగు. ఏ రంగు అంటే ఏమిటో తెలియడానికి పక్కన ఇంకో పట్టిక. ఆ పట్టిక ఎలా చూడాలో తెలియడానికి కింద ఒక సూచన. మొదట్లో నాకు కాస్త తికమకగా ఉండేది. రోజూ నాలుగు నుంచి ఐదు దాకా "పు.చ." అని ఉంటే, పాపం ఈ పిల్లకు పుచ్చకాయంటే ఎంత ఇష్టమో అనుకుని, ఒకరోజు ఒకటి మోసుకొచ్చి కోసి పెట్టాను. అది పునశ్చరణ అట! చదివింది మళ్లీ చదవడమట! చదవనిదాన్ని మళ్లీ ఎలా చదువుతారో నాకు తెలియలేదు కానీ, ఆ రోజు పునశ్చరణకు పక్క గదుల వాళ్లు కూడా వచ్చి గింజలతో సహా పూర్తి చేశారు. బోర్డు మీద ఆ ఒక్క గడికే అప్పటిదాకా టిక్కు పడింది.

నా పాఠానికీ ఒక గడి దొరికింది. "పెద్దమ్మ – ఒత్తులు – 10 ని." లేత ఆకుపచ్చలో! నన్ను అంతకుముందు ఎవరూ ఏ రంగులోనూ రాయలేదు. చాలా గౌరవంగా అనిపించింది. మొదటివారం అది మంగళవారం నుంచి గురువారానికి జరిగింది. గురువారం నుంచి శనివారానికి. ఆ తర్వాత "పెండింగ్" అనే వరసలోకి వెళ్లి బూడిద రంగుకు మారింది. పలక అలమారా పైకి చేరింది. వరండా తడి ఊరికే ఆరిపోతూ ఉండేది.

కొందరికి ఇది నష్టంలా కనిపించవచ్చు. అలా అనుకోకూడదు. పాఠం జరిగేటప్పుడు రోజుకు పది నిమిషాలే ఉండేది. బోర్డెక్కాక? ఇరవై నాలుగు గంటలూ ఉంది! నేను రోజూ గది తుడుస్తూ "పెద్దమ్మ" అన్న మాట చదువుకుని, నా చోటు ఇంకా ఉందని తృప్తిపడి బయటికి వచ్చేదాన్ని.

ఆ గదిలోనే ఇంకో అమ్మాయి ఉంది, ముసుగు పిల్ల. దుప్పటి ముసుగేసుకుని, లోపల పుస్తకం పట్టుకుని, ఏది చేతికొస్తే అది చదువుతుంది. ఫోన్లో గంట లేదు, గోడకు కాగితం లేదు. శిబిరంలో ఇచ్చిన ప్లానర్ను మంచం కోడు కింద పెట్టింది, కోడు పొట్టిదని. ఇంత పద్ధతి లేని పిల్ల అన్నిట్లోనూ పాసవుతూ ఉంటే, మిగతా వాళ్లు ఎంత నొచ్చుకుంటారో ఆమెకు పట్టదు!

ఇక అసలు సంగతికి వస్తాను. రెండో సంవత్సరం చివర ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు రాసివ్వాలి. రంగుల పిల్ల ఎంచుకున్న విషయం "నగర బస్సుల ఆలస్యం: కారణాలు, నివారణ". బస్టాపులో నలభై ఒక్క రోజులు నిలబడి ఏ బస్సు ఎప్పుడు వచ్చిందో ఒక నోటుపుస్తకం నిండా రాసుకొచ్చింది. ఇక కూర్చుని నివేదిక రాయడమే తరువాయి. అందుకు ఆరు వారాల ప్లాన్ వేసింది.

ఆరు వారాలు ఎంత శ్రద్ధగా గడిచాయో నేను సాక్షిని. "మొదటి వాక్యం" అనే గడి మొదటి సోమవారం ఎర్ర రంగులో పుట్టింది. మంగళవారానికి బాణం. మంగళవారం నుంచి బుధవారానికి బాణం. ఆరు వారాల్లో ఆ వాక్యం బోర్డంతా తిరిగింది. ఆలస్యం గురించిన నివేదిక ఆలస్యం కాకుండా వస్తే అందులో నిజాయతీ ఏముంటుంది చెప్పండి?

గైడుగారు రెండుసార్లు గడువు పెంచారు. మూడోసారి పెంచనన్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ఆఫీసు కిటికీ మూసేలోగా నివేదిక అందకపోతే సంవత్సరం పోయినట్టే. సంవత్సరం పోతే హాస్టల్ సీటు పోతుంది. సీటు పోతే రంగుల పిల్ల ఇంటికి వెళ్లిపోవాలి. వాళ్ల నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్ల "అంతా ప్లాన్ ప్రకారమే నడుస్తోంది నాన్నా" అనేది. అబద్ధం కూడా కాదు. ప్లాన్ నిజంగానే నడుస్తోంది, రోజుకో గడి చొప్పున.

ఆఖరి సోమవారం పొద్దున పది గంటలకు నేను పద్నాలుగో గదికి వెళ్లాను. రంగుల పిల్ల స్నానానికి వెళ్లింది. ముసుగు పిల్ల ముసుగులో ఉంది. బకెట్ దించి బోర్డు వైపు చూశాను. పై మూలన పెద్ద ఎర్ర అక్షరాలు, మాలాంటి వాళ్ల కోసం రాసినవి. కూడబలుక్కుని చదివాను. చె, ర, ప, వ... ఆ తర్వాతిది ఒత్తు అక్షరం. నా చదువు ఆగింది సరిగ్గా ఒత్తుల దగ్గరే కదా! ద్దకూ చ్చకూ దూరం నుంచి చూస్తే అక్కాచెల్లెళ్ల పోలిక. ఎటు తిప్పి చూసినా నాకు "చ్చు"లాగే కనిపించింది. చెరపవచ్చు! ఎంత మంచి పిల్ల, అడక్కుండానే అనుమతి రాసిపెట్టింది అనుకున్నాను.

నేను ఏ పనీ సగం చేయను. ఆరు వారాల రంగు ఒక పట్టాన పోదు. సబ్బునీళ్లు పెట్టి రెండుసార్లు, మంచినీళ్లతో ఒకసారి తుడిచాను. మూలలు గోటితో గీకాను. బోర్డు తళతళలాడింది.

తలకు తువ్వాలు చుట్టుకుని రంగుల పిల్ల లోపలికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పెద్దమ్మా... బోర్డు! బోర్డేదీ?"

"అదేంటమ్మా, గోడకే ఉందిగా."

"దాని మీదది!"

"తుడిచేశా తల్లీ. నువ్వే రాశావుగా తుడవమని."

"నేనెక్కడ రాశాను?"

"పై మూల, ఎర్రగా. చెరపవచ్చు అని."

"వచ్చు కాదు పెద్దమ్మా, వద్దు! చెరపవద్దు! అది ద్దు!"

"అయ్యయ్యో, ద్దా? నేను చ్చు అనుకున్నానే!"

దుప్పటి కింద నుంచి ముసుగు పిల్ల కిసుక్కుమంది. "ఒక్క ఒత్తు. ఒక్క ఒత్తుతో ఆరు వారాలు గల్లంతు. ఫోటో అయినా తీసి పెట్టుకోలేదా?"

"తియ్యాలని ప్లాన్‌లో ఉంది!" ఏడుపు గొంతుతో అరిచింది రంగుల పిల్ల. "బుధవారం!"

ఈ గోలకు వార్డెనమ్మ వచ్చింది. తాళాల గుత్తి ముందు, ఆవిడ వెనక. సంగతి విని నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"చదవడం రానివాళ్లకు చదువుకునే గదులు అప్పజెబితే ఇలాగే ఉంటుంది. అమ్మాయ్, నువ్వు కంప్లైంట్ రాసివ్వు. ఇవాళే ఈవిడను కింద వంటింటి గిన్నెల దగ్గరకు మార్చేస్తా. గిన్నెల మీద రాతలుండవు."

గిన్నెలంటే నాకు భయం లేదు. కానీ అక్కడ చదవడానికి ఏమీ ఉండదు.

రంగుల పిల్ల నా వైపు చూసింది. తర్వాత అలమారా పైనున్న పలక వైపు చూసింది.

"వద్దు మేడమ్. తప్పు నాదే. పెద్దమ్మకు ఒత్తులు నేర్పిస్తానని మొదలుపెట్టి నేనే వదిలేశాను. ఆవిడకు ద్ద రాకపోతే ఆవిడదా తప్పు?"

"అయితే కంప్లైంట్ రాయనంటావు?"

"రాయాలంటే ముందు దానికో ప్లాన్ వెయ్యాలి మేడమ్. చాలా టైం పడుతుంది," అంది ముసుగు.

వార్డెనమ్మ ఆ ముసుగు వైపు కోపంగా చూసి, తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది. 

రంగుల పిల్ల మంచమెక్కి కూర్చుంది. నేను గచ్చు తుడవడం మొదలుపెట్టాను. గుమ్మం దాకా తడి పెట్టేశాక చూసుకుంటే, రంగుల పిల్ల మంచం మీద, నేను గుమ్మం దగ్గర. మధ్యలో తడి. ఆ పిల్ల దిగడానికి లేదు. బకెట్ బోర్లించి నేనూ కూర్చున్నాను.

ఆ పిల్ల తెల్ల బోర్డు వైపే చూస్తోంది. చూడటానికి దాని మీద ఏమీ లేదు.

"ఇంతకీ దాని మీద అంత ముఖ్యంగా ఏముందమ్మా?" అని అడిగాను.

"నా ప్రాజెక్టు."

"ప్రాజెక్టా? బస్సుల గురించి కదూ? నేను చూసినంతలో దాని మీద బస్సు అన్న మాటే లేదు. గంటలున్నాయి, రంగులున్నాయి, బాణాలున్నాయి."

ఆ పిల్ల తలగడ ఒళ్లోకి లాక్కుంది.

"సరేలే, నాకైనా చెప్పు. రోజూ దానికోసం నిలబడి కాళ్లు పడిపోతున్నాయి. ఎందుకాలస్యమవుతుంది ఆ బస్సు? ఆ డ్రైవరుకు ఒళ్లు బరువు కాకపోతే?"

అంతే! ఆ పిల్ల గిరుక్కున నా వైపు తిరిగింది. అంత కోపం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు, బోర్డు తుడిచినప్పుడు కూడా.

"డ్రైవర్నెందుకు అంటారు పెద్దమ్మా? అందరూ డ్రైవర్నే తిడతారు. ఆయన సీట్లో కూర్చునేసరికే డిపోలో పన్నెండు నిమిషాలు పోతాయి, తెలుసా మీకు?" చెయ్యి చాచి నోటుపుస్తకం అందుకుంది. "ఇదిగో, నలభై ఒక్క రోజుల్లో ముప్పై ఆరు రోజులు బయల్దేరడమే ఆలస్యం. మూడో స్టాపు దగ్గర తలుపు పడదు, దిగి చేత్తో నెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ దారికి నలభై నిమిషాలని రాసి ఉంది. ఎప్పుడు రాశారో? దారిలో సగం ఇళ్లు లేనప్పుడు! టైమ్‌టేబుల్ వేసినవాళ్లు ఒక్కసారైనా ఆ బస్సెక్కి ఉంటే తెలిసేది. మా నాన్న ఇరవై ఏళ్ల నుంచి నడుపుతున్నాడు. దాన్ని నలభై నిమిషాల్లో చేర్చడం ఎవరివల్లా కాదు. కాగితం మీద తప్ప..."

అక్కడ ఆగిపోయింది.

నేను బోర్డు వైపు చూశాను. ఆ పిల్లా చూసింది. ముసుగు కూడా కాస్త తొలగింది, కానీ ఎవరూ నవ్వలేదు.

"మీ నాన్న బస్సు నడుపుతాడని నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాను.

"అందుకే రాయలేకపోతున్నా పెద్దమ్మా. ఇది బాగా రావాలి. చదివినవాళ్లు మళ్లీ ఆయన్ని ఒక్క మాట అనకూడదు. పెన్ను పట్టుకుంటే మొదటి వాక్యమే... ఇలా ఉండకూడదు, ఇంకా బాగుండాలి అనిపిస్తుంది. సరే, ముందు ప్లాన్ సరిగ్గా వేసుకుంటే..."

"ఇప్పుడు నాతో అన్నావే, ఎవరివల్లా కాదు, కాగితం మీద తప్ప అని. అది రాయి."

"అదా! అది ఊరికే మాట్లాడినట్టుంది. నివేదిక భాష వేరు."

"ముందు రాయి."

"బాగా రాకపోతే?"

"చెరపవచ్చు," అన్నాను.

రాసుకోవడానికి ఆ పిల్ల చుట్టూ చూసింది. నా చెత్తసంచిలో చెయ్యి పెట్టి పాత టైమ్‌టేబుల్ ఒకటి తీసి, వెనక్కి తిప్పి, తడి మీదుగా చెయ్యి చాచి అందించాను. "ఈసారి నిజంగా" అన్నదే వచ్చింది. చూశారా పాఠకులారా? టైమ్‌టేబుళ్ల వల్ల ప్రయోజనం లేదనేవాళ్లు ఇప్పుడేమంటారు? వెనకవైపు ఎంత తెల్లగా ఉంటుందో వాళ్లెప్పుడైనా చూశారా?

తడి ఆరేసరికి ఆరు వాక్యాలు రాసింది. నాలుగు కొట్టేసింది. మంగళవారం నాటికి పద్నాలుగో గది చెత్తబుట్ట నిండిపోయింది. నలిపిన కాగితాలు, కొట్టివేతలు, మళ్లీ రాతలు. ఒకటి రెండు చోట్ల సిరా అలుక్కుపోయి కూడా ఉంది. పదకొండేళ్ల కిందటి పాత రోజులు గుర్తొచ్చి, నేను ఆ బుట్టను ఖాళీ చేయడానికి కాస్త ఎక్కువసేపు తీసుకున్నాను.

శుక్రవారం మూడూ నలభైకి నివేదిక ఆఫీసు కిటికీలోంచి లోపలికి వెళ్లింది. ఇంకా ముందే వెళ్లేది, బస్సు రాలేదు. నడిచి వెళ్లింది.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని వాళ్ల నాన్నకు ఫోన్లో మొదటి పేజీ చదివి వినిపించింది. నేను పక్కనే మెట్లు తుడుస్తున్నాను. పేజీ అయిపోయాక, "నాన్నా, ఉన్నావా?" అంది. ఉన్నాడు. "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. ఆ గొంతు నాకూ వినిపించింది. నేను తుడిచిన మెట్టే ఇంకోసారి తుడిచాను.

నెలకు ఫలితం వచ్చింది. పాసయింది. సీటు నిలిచింది. గైడుగారు నివేదిక మీద ఎర్ర సిరాతో "సకాలంలో అందలేదు, కానీ విలువైనది" అని రాశారట. బస్సు గురించో, నివేదిక గురించో తెలియలేదట.

ఇంత జరిగాక ఆ పిల్ల ప్లాన్లు మానేసిందనుకుంటున్నారా? ఎంత మాట! బోర్డు మీద కొత్త ప్లాన్ తయారైంది. ఇదివరకటి కంటే అందంగా ఉంది. పై మూలన ఎర్ర అక్షరాలు మాత్రం మారాయి. "పెద్దమ్మా! ప్రతి సోమవారం ఇది చెరపవచ్చు." నాకు ఈసారి పొరపాటు రాకూడదని "చ్చు" అన్నదాన్ని అరచేయంత పెద్దదిగా రాసి, చుట్టూ సున్నా చుట్టింది.

కాబట్టి నా వాదన నిరూపణ అయింది. ప్లాన్ ఎంతో గొప్పది. అది లేకపోతే ఆ సోమవారం నేను తుడవడానికి ఏముండేది?

ఒక్క చిన్న లోటు మాత్రం యూనివర్సిటీ పెద్దల దృష్టికి తీసుకురావాలి. శిబిరానికి హాలుంది, మైకుంది, ప్రతి పిల్లకూ ఇవ్వడానికి లావుపాటి ప్లానరుంది. కానీ ఒక పిల్ల పక్కన తడి ఆరేదాకా కూర్చుని "రాయి, బాగా రాకపోతే చెరపవచ్చు" అని చెప్పే మనిషి ఏ గడిలోనూ లేదు. ఆ పని బకెట్ బోర్లించుకుని చేయాల్సి వస్తోంది. కనీసం ఒక స్టూలైనా ఇప్పించమని కోరుతున్నాను.

ఇక మీకూ నాకూ మధ్య ఒక మాట. చాలా నెలలు రోజూ బోర్డు మీద "పెద్దమ్మ" అని చదువుకుని తృప్తిపడ్డానని పైన రాశాను కదా. ఆ మాటలో నడిమధ్యన ఏ ఒత్తు ఉందో మీలో ఎవరైనా గమనించారా? వార్డెనమ్మ గమనించలేదు. రంగుల పిల్లా గమనించలేదు. మీరూ గమనించనట్టే ఉండండి.

ఎందుకంటే, తన వల్లే నాకు ఒత్తులు రాలేదని ఆ పిల్ల ఇంకా బాధపడుతోంది. అలమారా మీది పలక దిగింది. వరండా తడి ఆరేదాకా మళ్లీ పాఠం నడుస్తోంది. బోర్డు మీద దానికి గడి లేదు, రంగు లేదు. ఈ వ్యాసం చూస్తుందేమోనన్న భయం కూడా నాకు లేదు. ఈ పత్రిక ప్రతి సంచికా ఆమె బల్ల మీదే ఉంటుంది, "తప్పక చదవాల్సినవి" అని గులాబి చీటీ అంటించి.

రేపటి పాఠం ద్ద ఒత్తట. చాలా కష్టమైనదట, తొందరపడొద్దంది. జాగ్రత్తగా తప్పు చదవాలి.